గుమ్మం దగ్గర కృపుడు

రాజ్యాలు, శాపాలు, మహాయుద్ధాలతో నడిచే అద్భుత కథల గురించి తెలుగులో ఎక్కడ చర్చ జరిగినా ఈ మధ్య ఒక మాట తీర్పులాగా వినిపిస్తోంది. మన కథల్లో మంచివాడు చివరిదాకా మంచివాడేనట, చెడ్డవాడు చివరిదాకా చెడ్డవాడేనట. మనిషిలోని మంచీ చెడూ ఒకదానితో ఒకటి పెనుగులాడే పాత్రలు ఈ తరహా కథల్లోకి వచ్చింది జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ కలం పట్టాకేనట. ఆయన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చూసి మనవాళ్లు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారట. సంగారెడ్డిలో సాహిత్యం మాట్లాడుకునే నలుగురి మధ్య కూడా ఈ మాట విన్నాను. పటాన్‌చెరు దగ్గరికి వచ్చేసరికి దానికి ఒక తోక తగిలింది. పన్నెండు గంటల డ్యూటీ చేసి రూముకొచ్చి పడే మనిషికి ఈ చిక్కులన్నీ ఎందుకు, వాడికో హీరో కావాలి, ఒక విలన్ కావాలి, చివర్లో విలన్ తల తెగాలి, అంతే కదా అని.

మొదటి మాట తప్పు. తోకగా తగిలించిన మాట తప్పు మాత్రమే కాదు, ఈ నేల మీద బతుకుతున్న మనుషులకు అవమానం కూడా. రెండింటినీ ఖండించాల్సిందే. మొదటిదాన్ని ఖండించడానికి పెద్దగా శ్రమ అక్కర్లేదు, తారీఖులు చాలు.

మార్టిన్ గొప్ప రచయిత, అందులో వాదం లేదు. ఏడేళ్ల పిల్లవాణ్ని కిటికీలోంచి కిందికి తోసేసిన జేమీ లానిస్టర్, అంతకుముందెప్పుడో ఒక పిచ్చి రాజును చంపి నగరం మొత్తాన్ని మంటల నుంచి కాపాడినవాడని మనకు ఆలస్యంగా చెప్పి, మన కోపాన్ని మన చేతే తిరిగి తూచేలా చేస్తాడు. అది చిన్న పని కాదు. కానీ ఆ కథ మొదటి సంపుటం వచ్చింది 1996లో. దానికి నలభై ఏళ్ల ముందు, 1954-55లో టోల్కిన్ రాసిన ఉంగరం కథలో ఏం జరిగింది? అంత దూరం మోసుకెళ్లిన ఉంగరాన్ని అగ్నిపర్వతం అంచున నిలబడి ఫ్రోడో పారేయలేకపోయాడు. ఇది నాదేనన్నాడు. కథానాయకుడు ఓడిపోయాడు. లోకం దక్కింది గొల్లమ్ అనే పాపిష్టి జీవి వల్ల. చంపడానికి చేయి లేచినా జాలిపడి విడిచిపెట్టబట్టే వాడు అక్కడిదాకా బతికి వచ్చాడు. దీన్ని నలుపు తెలుపుల కథ అనేవాళ్లు చివరి అధ్యాయాల దాకా చదివి ఉండరు.

మన దగ్గరి లెక్క ఇంకా స్పష్టం. 1961లో ‘సీతారామ కల్యాణం’లో రావణుడి వేషం కట్టి, ఆ సినిమాకు తానే దర్శకత్వం వహించాడు ఎన్.టి. రామారావు. 1966లో ‘శ్రీకృష్ణ పాండవీయం’లో ధూళిపాళ శకునిగా నిలబడ్డాడు. తన తండ్రినీ అన్నదమ్ములనూ చెరలో పెట్టి ఆకలితో చంపిన కురువంశాన్ని లోపలి నుంచే కూల్చడానికి వచ్చిన మనిషి ఆ శకుని. వ్యాసుడి భారతంలో ఈ కథ లేదు. చెరసాల, మెతుకులు, తండ్రి ఎముకలతో చేసిన పాచికలు, ఇవన్నీ జనం అల్లుకున్నవి. ఒక్కసారి ఆగి దీన్ని గమనించండి. మూలంలో కేవలం మోసగాడిగా ఉన్నవాడికి కారణం వెతికిపెట్టింది పండితులు కాదు, కథలు చెప్పుకునే మామూలు జనం. 1977లో ‘దానవీరశూరకర్ణ’ వచ్చింది. కొండవీటి వెంకటకవి రాసిన మాటలతో సుయోధనుడు కులం మీద, పుట్టుక మీద వేసిన ప్రశ్నలను మన తాతలు, తండ్రులు కంఠస్థం చేశారు. మార్టిన్ ఆ మొదటి సంపుటానికి పందొమ్మిదేళ్ల ముందు సంగతి ఇది. ప్రతినాయకుడి వైపు నిలబడి లోకాన్ని చూడటం మనకు ఎవరో నేర్పాలా?

ఇవి పౌరాణికాలు కదా, కల్పిత రాజ్యాల కథలు వేరు కదా అని అడ్డుపడతారు. సరే, కల్పిత రాజ్యానికే వద్దాం. ‘బాహుబలి’లోని మాహిష్మతి కథ ఏ పురాణంలోదీ కాదు. విజయేంద్రప్రసాద్ అల్లిన కథను రాజమౌళి తీశాడు. 2015 జులై 10న మొదటి భాగం వచ్చింది, 2017 ఏప్రిల్ 28న రెండోది. ఈ రెండింటి మధ్య దేశమంతా ఒకే ప్రశ్న తిరిగింది. పరీక్ష హాలు బయట, బస్సుల్లో, కంపెనీ క్యాంటీన్లలో, పెళ్లి పందిళ్లలో అదే ప్రశ్న. బాహుబలిని ఎవరు చంపారన్నది కాదు. అది మొదటి భాగంలోనే తెలిసిపోయింది. కట్టప్ప ఎందుకు చంపాడు? ఇరవై ఒక్క నెలల పాటు జనం ఎదురుచూసింది ఒక మనిషి మనసులోని కారణం కోసం. మంచివాడు, పిల్లవాణ్ని ఎత్తుకుని పెంచినవాడు, అలాంటివాడు వెన్నులో కత్తి ఎలా దించాడు? నలుపు తెలుపులు తప్ప తెలియని ప్రేక్షకులైతే కట్టప్ప చెడ్డవాడని ఆ రాత్రే తేల్చుకుని నిద్రపోయేవాళ్లు.

కారణం తెలిశాక కూడా చిక్కు తీరలేదు. మొదట కాదన్నాడు కట్టప్ప. నువ్వు చంపకపోతే నేనే చంపుతానంది శివగామి. తల్లి చేత్తో కొడుకు చావడం చూడలేక ఆ పాపాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. శివగామి మాత్రం చెడ్డదా? న్యాయం కోసమే బతికిన మనిషి, అబద్ధం విని తీర్పు చెప్పింది. తన మాటకు ఎదురులేదన్న నమ్మకమే ఆమె చేసిన నేరం. కుట్ర పన్నిన బిజ్జలదేవుణ్ని చూడండి. ఒక చేయి సరిగా లేదన్న కారణంతోనే తనకు సింహాసనం దక్కలేదని రగిలినవాడు. ఆ కోపానికి కారణం ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఆ కోపంతో చేసిన పనికి క్షమ ఉందా అన్నది వేరే ప్రశ్న. సినిమా ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయలేదు.

మెదక్ పల్లెల నుంచి వచ్చినవాళ్లకు కట్టప్ప ఎవరో ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. తెలంగాణలో జీతగాడు అనే మనిషి ఉండేవాడు. తాత చేసిన అప్పుకు తండ్రి, తండ్రి అప్పుకు కొడుకు దొర ఇంట్లో బతుకు తెల్లార్చేవాడు. వెట్టి చాకిరీని నిషేధిస్తూ 1976లో చట్టం వచ్చింది. ఆ చట్టం వచ్చిన తరవాత పుట్టినవాళ్ల తండ్రులు, తాతలు ఆ బతుకు చూసినవాళ్లే. పూర్వీకులెవరో సింహాసనానికి ఇచ్చిన మాటకు కట్టుబడి, విడుదల చేస్తానన్నవాడి మాటను కూడా కాదన్న కట్టప్ప వాళ్లకు తెలిసిన మనిషే. తప్పని తెలుసు, చెప్పింది దొరసాని, ఉప్పు తిన్న ఇల్లు. ఈ మూడూ ఒక మనిషి గుండెలో ఎలా కొట్టుకుంటాయో సాయంత్రం షిఫ్టు దిగి సినిమాకొచ్చిన మనిషికి వివరించాలనుకునే విమర్శకుడే, అతని దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మాహిష్మతి మీదికి దండెత్తిన కాలకేయుల విషయంలో బాహుబలిని తప్పుపట్టేవాళ్లతో నేను ఏకీభవిస్తాను. నల్లటి ఒళ్లు, అర్థంకాని భాష, అడవి, క్రూరత్వం అన్నీ ఒక మూటగా కట్టి ఒక జాతి మీద పెట్టారు. ఆ వేల మందిలో ఒక్కడికీ కారణం లేదు, పేరు తప్ప ముఖం లేదు. ఇంకొక లోటు కూడా ఉంది. కొత్త రాజు పట్టాభిషేకం చూపించారు గానీ కట్టప్ప వంశాన్ని కట్టిపడేసిన ప్రమాణం రద్దయిన ఘట్టం తెరమీద కనబడదు. ఇవి చిన్న లోపాలు కావు. కానీ మన కథలకు మనిషిని లోతుగా చూడటం రాదనడానికి ఇవి రుజువులైతే, కట్టప్పనూ శివగామినీ ఏ లెక్కలో రాస్తారు? టోల్కిన్ ఓర్క్‌ల మూకలను రాసి, వాటి గురించి తనకే మనసు కుదుటపడక ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ ఆలోచించాడు. ఒక మూకను మనుషులుగా చూడలేకపోయిన జబ్బు తూర్పుదీ పడమరదీ కాదు, అన్ని చోట్లా ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మనిషిలోని చిక్కును చూపడంలో ప్రపంచంలో ఏ అద్భుత కథా భారతంలోని సౌప్తిక పర్వాన్ని దాటలేదని నా నమ్మకం. తెలుగులో దాన్ని తిక్కన రాశాడు. యుద్ధం అయిపోయింది. తొడలు విరిగి దుర్యోధనుడు పడి ఉన్నాడు. కౌరవ పక్షాన మిగిలిన యోధులు ముగ్గురే, అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. రాత్రి చెట్టుకింద పడుకుంటే, నిద్రపోతున్న కాకుల మీద గుడ్లగూబ పడి చంపడం అశ్వత్థామ చూశాడు. శిబిరంలో నిద్రపోతున్నవాళ్లను చంపుతానన్నాడు. కృపుడు వద్దన్నాడు. నిద్రపోయేవాణ్ని, ఆయుధం లేనివాణ్ని చంపకూడదు, తెల్లారాక ఎదురుగా నిలబడి పోరాడదాం అన్నాడు. అశ్వత్థామ జవాబు కూడా వినదగిందే. ఆయుధం పారేసి కూర్చున్న నా తండ్రిని చంపలేదా? రథచక్రం కుంగిన కర్ణుణ్ని చంపలేదా? నడుము కింద కొట్టి రాజును పడగొట్టలేదా? ధర్మమనే గట్టును వాళ్లే నూరు ముక్కలు చేశారు కదా?

అందరూ అశ్వత్థామ గురించే మాట్లాడతారు. నా కళ్లు ఎప్పుడూ కృపుడి మీదే ఉంటాయి. ఎందుకంటే వద్దని చెప్పిన ఈ పెద్దమనిషి, అశ్వత్థామకు మేనమామ, ఆ తరవాత ఇంటికి వెళ్లిపోలేదు. మేనల్లుడి వెంట నడిచాడు. అశ్వత్థామ లోపలికి వెళ్లి ధృష్టద్యుమ్నుణ్నీ శిఖండినీ ద్రౌపది కొడుకులైదుగురినీ చంపుతుంటే, కృపుడు కృతవర్మతో కలిసి శిబిరం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ప్రాణభయంతో బయటికి పరుగెత్తి వచ్చినవాళ్లను నరికాడు. శిబిరానికి నిప్పు పెట్టాడు. ధర్మం తెలియనివాడు చేసిన పని కాదు ఇది. కొన్ని గంటల ముందు ధర్మం ఏమిటో నోరారా చెప్పినవాడే చేశాడు.

కథ అక్కడితో ఆగి ఉంటే కృపుడు నీచుడని తేల్చేసేవాళ్లం. ఆగలేదు. అశ్వత్థామ వేసిన అస్త్రం ఉత్తర గర్భంలోని పసిగుడ్డును తాకింది, కృష్ణుడు బతికించాడు, పరీక్షిత్తు పుట్టాడు. పాండవులు మహాప్రస్థానానికి బయల్దేరేముందు ఆ పిల్లవాణ్ని ఎవరికి అప్పగించాడు ధర్మరాజు? కృపుడికి. ఆ పిల్లవాడి తండ్రి అన్నదమ్ములు నిద్రలో చస్తుంటే గుమ్మం కాసినవాడే అతనికి గురువయ్యాడు. చేసిన నేరం మాసిపోలేదు, మనిషి పనికిరానివాడూ కాలేదు. ఇంత కష్టమైన మాటను, ఏ పాత్ర చేతా ఉపన్యాసం ఇప్పించకుండా, ఒక నియామకంతో చెప్పి వదిలేసింది భారతం.

దీనికి పక్కనే ఇంకో జంటను పెట్టుకోవాలి. వికర్ణుడు దుర్యోధనుడి తమ్ముడు. ద్రౌపదిని సభలోకి ఈడ్చిన రోజు ఇది అధర్మమని నిండు సభలో గొంతెత్తినవాడు. అయినా యుద్ధంలో అన్న వైపే నిలబడ్డాడు, భీముడి చేతిలో చచ్చాడు, భీముడే అతని కోసం బాధపడ్డాడు. యుయుత్సుడు కూడా ధృతరాష్ట్రుడి కొడుకే. యుద్ధం మొదలయ్యే ముందు సేనల మధ్యలోంచి నడిచి పాండవుల వైపుకు వచ్చాడు. ఇద్దరికీ తెలిసిన సత్యం ఒకటే. ఒకడు మాట్లాడి ఉండిపోయాడు, ఒకడు దాటి వచ్చాడు. ఎవడు గొప్ప అన్నది కథ చెప్పదు. విన్నవాడు తేల్చుకోవాలి.

ఇదంతా పుస్తకం చదివినవాళ్ల విద్య అనుకుంటే పొరపాటు. పాండవుల కథను తెలంగాణలో ముదిరాజుల ఇళ్లముందు కాకిపడగలవాళ్లు తరతరాలుగా చెబుతూ వచ్చారు. చేర్యాల నకాషీ కళాకారులు ఎర్రటి నేపథ్యం మీద గీసిన పటాన్ని నిలువుగా దించుతూ, ఒక్కొక్క బొమ్మనూ కర్రతో చూపిస్తూ చెప్పే కథ అది. ఒక్కో కులానికి ఒక్కో కథ. మాదిగలకు డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం, గొల్లలకు మందహెచ్చులవాళ్లు చెప్పే కాటమరాజు కథ. చిందు భాగోతం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ కథల్లో దేవుళ్లు అలుగుతారు, మోసపోతారు, మాట తప్పి నింద మోస్తారు. రాత్రంతా కూర్చుని విన్నవాళ్లు తెల్లారి దాని మీద వాదులాడుకుంటారు.

ముదిరాజులంటే చెరువుల మీద బతికినవాళ్లు, చేపలు పట్టినవాళ్లు. అది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. తరవాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, కాజీపల్లి, బొంతపల్లి వరసగా కంపెనీలయ్యాయి. ఆ కంపెనీల నీళ్లు ఇసుకవాగులోకి, నక్కవాగులోకి చేరాయి, నక్కవాగు మంజీరలో కలుస్తుంది. చేపలు చచ్చి తేలాయి, వరి పాడైంది. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది, ఏళ్లూ పూళ్లూ నడిచింది. పటాన్‌చెరు వైద్యుడు ఎ. కిషన్ రావు లాంటివాళ్లు దశాబ్దాల పాటు దీని మీద కొట్లాడారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన పరిశోధన ప్రపంచాన్నే నివ్వెరపరిచింది. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయిందని బయటికి వదిలిన నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ అది.

ఈ నీళ్ల ఒడ్డున బతికే మనిషికి నలుపు తెలుపులు చాలంటారా? తండ్రి పొలం ఏ కంపెనీ నీళ్లకు పాడైందో ఆ కంపెనీ గేటు ముందే కొడుకు కాంట్రాక్టు లేబరు పనికి వరసలో నిలబడ్డాడు. ఆ కంపెనీలో తయారైన మాత్రే ఎక్కడో దూరాన ఒక పసిపిల్ల ప్రాణం నిలిపి ఉంటుంది. అదే మందు వాగులో కలిసి, మందులకు లొంగని సూక్ష్మజీవులను పెంచుతుంది. సంఘం పెడదామంటే గేటు బయట నిలబెడతారు, పెట్టకపోతే పర్మినెంటు అనే మాట జన్మలో రాదు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి ఒకే రూములో వంతులవారీగా నిద్రపోయే ఎనిమిది మందికి చిక్కుముడులంటే ఏమిటో తెలియదట! బతుకే చిక్కుముడి అయినవాడికి కథలోని చిక్కు అందరికన్నా ముందు అర్థమవుతుంది. సరళమైన కథ కావాలని కోరేది, బతుకులో ఎప్పుడూ రెండు తప్పుల మధ్య ఒకటి ఎంచుకోవాల్సి రానివాళ్లు.

ఇంతదాకా ఒప్పుకున్నవాళ్లలో కొందరు ఇంకొక పొరపాటు చేస్తారు. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇదే. సరే, అందరిలోనూ మంచీ చెడూ ఉన్నాయి కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం, అదే పెద్దతరహా సాహిత్యం, అంటారు. రాజు క్రూరుడు, తిరుగుబాటుదారుడూ క్రూరుడే. దోచినవాడికి బాల్యంలో గాయం ఉంది, దోపిడీకి గురైనవాడికి మనసులో అసూయ ఉంది. అందరూ ఒకటే. ఇప్పుడొస్తున్న అద్భుత కథల్లో చాలావాటికి ఇదే అలంకారం. కల్లోలం ఎక్కువ, లెక్క తక్కువ.

ఇది లోతు అనిపించుకోదు. లెక్క ఎగ్గొట్టడం ఇది. దీనికి జవాబు కోసం దూరం పోనక్కర్లేదు, గుమ్మడిదల మండలం బొంతపల్లి దాకా వస్తే చాలు. అక్కడ భద్రకాళీ సమేత వీరభద్రస్వామి గుడి ఉంది. ఆ గుడి చుట్టుపక్కలే మందుల కంపెనీలున్నాయి. జాతరకు వచ్చే జనానికి ఆ దేవుడి కథ తెలుసు, దక్షయజ్ఞం. మన సహజకవి పోతన భాగవతంలోనూ చెప్పాడు, ‘వీరభద్ర విజయము’ అని ఒక కావ్యమే ఆయన పేర ఉంది.

ఆ కథలో శిక్షలు ఎలా పడ్డాయో చూడండి. దక్షుడు శివుణ్ని సభలో తిట్టాడు. అప్పుడు భగుడు కన్నుగీటాడు. పూషుడు పళ్లికిలించి నవ్వాడు. భృగువు గడ్డం చూపిస్తూ నవ్వాడు. ఎవరూ కత్తి పట్టలేదు, ఎవరూ సతీదేవిని మంటల్లోకి తోయలేదు. కానీ తండ్రి చేసిన అవమానంతో ఆమె దేహం విడిచాక వీరభద్రుడి దండు వచ్చి పడ్డప్పుడు భగుడి కళ్లు పోయాయి, పూషుడి పళ్లు రాలాయి, భృగువు గడ్డం ఊడింది, దక్షుడి తల తెగింది. ఏ అవయవంతో పాపంలో పాలు పంచుకున్నారో ఆ అవయవమే మూల్యం చెల్లించింది. నవ్వినవాడికి తల తెగలేదు, తల తెగాల్సినవాడు పళ్లతో బయటపడలేదు. దధీచి ఆ సభ విడిచి లేచిపోయాడని శైవ పురాణాలు ప్రత్యేకంగా చెబుతాయి. సభలో ఉన్నవాళ్లంతా ఒకటి కాదని వాటికి తెలుసు గనక.

ఆ తరవాత శివుడు శాంతించి అందరినీ నిలబెట్టాడు. అయినా పాత అవయవాలు తిరిగి ఇవ్వలేదు. దక్షుడికి మేకతల వచ్చింది, భృగువుకు మేక గడ్డం. భగుడు ఇక మిత్రుడి కళ్లతో చూడాలి. పూషుడు యజమాని పళ్లతో నమలాలి. క్షమ ఉంది, గుర్తు కూడా ఉంది. నేరాన్ని ఇంత జాగ్రత్తగా తూచిన కథను పట్టుకుని, మనకు మంచీ చెడూ అనే రెండు గంపలే ఉన్నాయని ఎలా అనగలరు?

ఈ లెక్కను ఇక్కడి బతుక్కే పెట్టి చూడండి. వానాకాలం రాత్రి గోడ వెనక వాల్వు తిప్పి రసాయన నీళ్లు వాగులోకి వదిలారన్న వార్త ఈ ప్రాంతానికి కొత్త కాదు. తిప్పిన చేయి ఒక హెల్పరుది. తిప్పమన్న నోరు షిఫ్టు ఇన్‌చార్జిది. తిప్పకపోతే ఖర్చవుతుందని లెక్కేసిన బుర్ర ఇంకొకరిది. శాంపిలు తీయాల్సినవాడు ఆ రాత్రి రాలేదు. చూసిన ఊరి పెద్ద చూడనట్టున్నాడు. వీళ్లందరిలోనూ మంచీ చెడూ ఉన్నాయి కాబట్టి అందరూ సమానమే అన్న కథ ఎవరికి పనికొస్తుంది? బుర్ర ఉన్నవాడికే. హెల్పరు ఒక్కడే రాక్షసుడు అన్న కథ పనికొచ్చేదీ అతనికే. ఈ రెండు అబద్ధాల మధ్యలో ఎవరి వంతు ఎంతో విడమరిచి చెప్పేదే నాకు తెలిసిన పెద్ద కథ. కట్టప్ప చేతికి రక్తం అంటింది, తీర్పు శివగామిది, అబద్ధం బిజ్జలదేవుడిది, కోరిక అతని కొడుకు భల్లాలదేవుడిది. బాహుబలి రచయిత ఈ నాలుగింటినీ విడివిడిగా తూచాడు.

2024 జూన్ 27న వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ మీద వచ్చిన గొడవను కూడా ఇదే తక్కెడలో పెట్టాలి. నాగ్ అశ్విన్ అశ్వత్థామను కథానాయకుల వరసలో నిలబెట్టాడని, కర్ణుణ్ని ఎత్తాడని, పాపుల్ని కడిగేశాడని కొందరు ఆగ్రహించారు. సినిమా ఏం చేసిందో చూడకుండా అన్న మాట ఇది. కడుపులోని బిడ్డను చంపబోయినవాడికి వేల ఏళ్ల తరవాత ఒక గర్భిణిని కాపాడే పని అప్పగించింది కథ. నుదుటి మణి పోయింది, శాపం తీరలేదు. ఏ పాపం చేశాడో ఆ పాపానికి ఎదురుగా నిలబెట్టి కాపలా కాయించడాన్ని కడిగేయడం అంటారా? దక్షుడి మేకతల లాంటి లెక్కే ఇది. కృపుడికి పరీక్షిత్తును అప్పగించిన లెక్క కూడా. నాగ్ అశ్విన్ ఈ మలుపును ఏ పడమటి నవల నుంచో తెచ్చుకోనక్కర్లేదు, పర్వం పేజీ తిప్పితే చాలు.

నాకు అశ్వత్థామ కన్నా ఆ సినిమాలో భైరవ గురించే బెంగ. కాశీలో నీళ్లు లేవు, గాలి లేదు, పైన కాంప్లెక్స్‌లో అన్నీ ఉన్నాయి. లోపలికి పోవడానికి యూనిట్లు కూడబెడుతూ, ఆ ఆశతో ఒక గర్భిణిని పట్టి అప్పగించడానికి కూడా సిద్ధపడ్డ మనిషి అతను. గేటు లోపలికి పోవాలన్న కోరిక ఎంత బలమైందో పారిశ్రామికవాడ చుట్టూ బతికే యువకుడికి తెలుసు. అతణ్ని హాస్యంతో, ఫైటింగులతో ముచ్చటగా చూపించి, ఆ పని బరువును ప్రేక్షకుల మీద సరిగా పడనివ్వలేదు సినిమా. విమర్శ చేయాలంటే అక్కడ చేయండి. చివర్లో కర్ణుడని తెలియగానే భైరవ చేసినదంతా చెల్లిపోతుందా? ఇది అడగాల్సిన ప్రశ్న. ‘దానవీరశూరకర్ణ’లో సుయోధనుడి మాటలకు చప్పట్లు కొట్టే ఊపులో, ద్రౌపదిని సభకు ఈడ్పించింది కూడా ఆ నోరేనని మర్చిపోయిన మన అలవాటు ఇక్కడా పనిచేస్తోంది. ప్రతినాయకుడికి గొంతు ఇవ్వడం వేరు, అతని బాకీ కొట్టేయడం వేరు. ఈ జబ్బు మనకుంది, ఒప్పుకుంటాను. కానీ ఇది చిక్కుపాత్రలు తెలియనివాళ్ల జబ్బు కాదు. వాటిని మరీ ప్రేమించినవాళ్ల జబ్బు.

పిల్లలు గందరగోళపడతారనే వాదానికి ఒక్క వాక్యం చాలు: భీముడు తొడ మీద కొట్టడం తప్పు కదా అని మొదట అడిగేది పిల్లలే.

కాబట్టి తెలుగులో రాజ్యాల కథలు, శాపాల కథలు రాయబోయేవాళ్లకు నా వినతి ఒకటే. మార్టిన్‌ను చదవండి, టోల్కిన్‌ను చదవండి, కాదనను. వాళ్ల దగ్గర లేని సరుకు కోసం మాత్రం సౌప్తిక పర్వానికి రండి, వీలైతే కాకిపడగలవాళ్లు చెప్పేటప్పుడు వినండి. కృపుడు చేతుల్లోని విల్లును శిష్యుడికి అందిస్తున్నప్పుడు, ఆ శిష్యుడికి ఏ వయసులో తెలిసింది, తన గురువు ఆ రాత్రి ఎక్కడ నిలబడ్డాడో? ఎవరు చెప్పారు? తల్లి ఉత్తర చెప్పిందా, గురువే చెప్పాడా? తెలిశాక మర్నాడు పాఠానికి వెళ్లాడా? ఈ కథను ఎవరైనా రాయాలి. పాశమైలారంలోనో బొల్లారంలోనో, కన్నతండ్రి కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉండగా చెరువు చచ్చిపోవడం చూసిన అమ్మాయో అబ్బాయో దాన్ని రాస్తే, ఇప్పుడు మన కథలను నలుపు తెలుపులని కొట్టిపారేస్తున్నవాళ్ల కన్నా బాగా రాస్తారు.